పిందె లేని పూలు

"మా గుమ్మడి పాదుని నువ్వే ఏదో చేసినావ్. అందుకే పిందెలు రాలిపోయినాయి."

మధ్యాహ్న భోజనం దగ్గర అబిగయీలు పళ్లెం పక్కన పెట్టి నవోమి మీదికి వెళ్లింది. ఆరో తరగతి మొత్తం అన్నం కలపడం ఆపి చూసింది.

"నేను చూసినానంతే మే," అంది నవోమి.

"ఇంక మా పాదు ముట్టుకోవద్దు."

నవోమి కళ్లలో నీళ్లు తిరిగాయి. అబిగయీలు పట్టించుకోలేదు. ఆ పిల్లకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఈసారి కోపం పెద్దదే. చర్చిలో కోత పండుగకు తను నాటిన గుమ్మడికాయ తెస్తానని సండే స్కూల్లో అందరి ముందూ చెప్పింది. పోయిన ఆదివారం నవోమి వచ్చి, "ఇన్ని పూలు పూసినాయి, కాయ యాడ మే?" అని నవ్వింది. ఆ మంటలో అబిగయీలు పిందె లేని పూలన్నీ మొగ్గలతో సహా తుంచి పారేసింది. కాయని పూలు దండగ అనుకుంది. తీరా పిందెలున్నవే రాలాయి. పిందె ఉన్న మొగ్గ ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం సైన్సు క్లాసులో గిరిబాబు సార్ గుమ్మడి పువ్వు ఒకటి చీల్చి, లోపలి పసుపుపచ్చటి కాడ చూపించారు.

"ఈ కాడలో ఉన్నవి కేసరాలు. పిందె లేని పూలలోనే ఉంటాయి. వీటి పుప్పొడిని తేనెటీగ పిందె ఉన్న పువ్వుకి అంటిస్తుంది. అంటకపోతే పిందె రాలిపోతుంది. ఈ పువ్వు తను కాయదు, పక్కదాన్ని కాయిస్తుంది."

అబిగయీలుకు తను తుంచి పారేసిన పూలు గుర్తొచ్చాయి. ఈ మాట పోయిన వారమే చెప్పకూడదా అని సారు మీద కోపం వచ్చింది. దారిలో తేనెటీగల మీద వచ్చింది. ఇల్లు చేరేసరికి తన మీదికే వచ్చింది. అది మాత్రం తగ్గలేదు.

తెల్లారి ఆ ఒక్క మొగ్గ విచ్చింది. కేసరాల పువ్వు పాదులో ఒక్కటీ లేదు. కాలవ అవతల నవోమి వాళ్లకే ఇంకో గుమ్మడి పాదు ఉంది. అబిగయీలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

"పూలు తుంచింది నేనే. ఊరికే నీ మీద అరిచినాను," అంది గుమ్మంలో నిలబడి. "పిందె లేని పువ్వు ఒకటి ఇస్తావా? మా పువ్వుకి పుప్పొడి అద్దాలి."

నవోమి మూతి ముడుచుకునే ఉంది. అయినా రెండు పూలు కోసింది. ఇవ్వకుండా చేతిలో పట్టుకుని తనే ముందు నడిచింది.

పాదు దగ్గరికి వచ్చాక ఆగింది.

"ముట్టుకోవద్దన్నావు కదా," అని పూలు చాపింది.

అబిగయీలు అందుకోలేదు. తీగ మీది ఆకులు పక్కకు తప్పించి, విచ్చిన పువ్వును చూపించింది.

"నువ్వే అద్దు."