పసుపు ఇంట్లో దాగున్న లోపం

మా కుర్రాడు సిక్స్‌టెన్ దగ్గర ఉన్నది లక్షా ఎనభై వేల క్రోనార్లు. రేవు పక్కన పసుపు ఇంటికి చెప్పిన ధర పన్నెండు లక్షలు. నూటికి పదిహేను చేతిలో ఉంటే తక్కినది బ్యాంకు ఇస్తుంది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఊమెయో పట్టణానికి ఉత్తరాన ఈ మంచు తీరంలో అంత చవగ్గా ఇల్లు ఎందుకు దొరుకుతోందో మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ ఇల్లు ఊపిరి పీలుస్తుంది.

చలికాలం సాయంత్రం, పొయ్యి మీద చేప వేగుతుండగా — కాళ్ల కిందనుంచి ఒక మూలుగు. పొడుగ్గా... ఆగి... మళ్లీ పొడుగ్గా. చల్లటి గాలి మడమలకి తగులుతుంది. సామానుగది తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ వంటింట్లోనే పోయిన హుల్డా అవ్వ ఇంకా ఆయాసపడుతోందని చెప్పుకుంటారు. అద్దెకి దిగినవాళ్లెవరూ వసంతం దాకా ఉండలేదు.

"పెళ్లికాని కుర్రాడివి. అవ్వ వండి పెడుతుందిలే!" అని, మంచు మీద నడిచే స్నో స్కూటర్లు బాగుచేసే మా షెడ్డులో అందరం సిక్స్‌టెన్‌ని ఆటపట్టించాం.

"పెట్టనీ. నాకు ఉప్పు కాస్త ఎక్కువ పడాలని ముందే చెప్తా," అన్నాడు వాడు.

అప్పటికి వాడి మంచం ఆ షెడ్డు వెనకాల, ఆయిల్ డబ్బాల మధ్య. సొంత గుమ్మం కావాలని ఎంత పట్టుదలంటే, ఇంటిని నిపుణులతో తనిఖీ చేయించడానికి తన స్కూటర్ అమ్మేశాడు.

తనిఖీ రోజు జరిగింది నాకు చెప్పింది ఫ్రెడ్రికా — ఆ ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటు. ఆమె సిక్స్‌టెన్‌కి ఒక మాట ముందే చెప్పిందట.

"చూడు బాబూ, ఊపిరి సంగతి నీకు చెప్పేశాను. ఇక అది దాగున్న లోపం కాదు."

మా దగ్గర చట్టం అలాంటిది. కొనేవాడు ఎంత వెతికినా కనపడని లోపం తర్వాత బయటపడితే, పదేళ్ల దాకా అమ్మినవాళ్లదే పూచీ. ముందే చెప్పినా, తనిఖీలో రాసినా... కొన్నవాడి ఖర్మ.

"మీరు చెప్పింది దెయ్యం గురించి. అది లోపమో కాదో తనిఖీలో తేలుతుంది," అన్నాడు సిక్స్‌టెన్.

డిసెంబరు. మధ్యాహ్నం కాఫీ అయ్యేసరికే బయట కటిక చీకటి. తనిఖీ చేసే సోల్వెయ్ వచ్చింది — అరవై దాటిన మనిషి, మోకాళ్లకి మెత్తలు, నుదుటికి లైటు.

"నా వెంటే తిరుగు అబ్బాయ్. గోడలు పగలగొట్టను. ధర సంగతి మాట్లాడను. కనిపించినది, వినిపించినది, వాసన వచ్చినది — అవే రాస్తాను."

"వినిపించింది కూడానా?"

"చెవులు ఊరికే పెట్టుకున్నానా?"

పునాది చుట్టూ తిరిగింది. అటక ఎక్కింది. స్నానాలగదిలో నీళ్లు పోయే జాలీ చుట్టూ చెమ్మ కొలిచే మీటరు ఆనించింది. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పింది. "పైకప్పు మంచు కింద ఉంది. చూడలేదనే రాస్తాను," అంది.

చివరికి వంటిల్లు. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను వేసింది.

నేల కిందనుంచి... మూలుగు.

సామానుగది తలుపు మెల్లగా తెరుచుకుంది. ఫ్రెడ్రికా చేతిలో కప్పు జారి పగిలింది. సిక్స్‌టెన్ మాత్రం కాలు కదపలేదు.

"ఏం అవ్వా, ఆయాసమా? నేను పోయేవాణ్ని కాదు!" అని నేలకేసి అరిచాడు.

సోల్వెయ్ అగ్గిపుల్ల గీసి తలుపు దగ్గర పెట్టింది. మంట వంటింటివైపు వంగిపోయింది. కిటికీ తెరిచింది — మూలుగు ఆగింది. మూసింది — మళ్లీ మొదలు.

కుర్చీ ఎక్కి, కిటికీ పైనున్న గాలి ఆడే కంత మూత విప్పి లోపల వేళ్లు పెట్టింది. ఉండలు ఉండలుగా పాత వార్తాపత్రికలు ఊడిపడ్డాయి.

"ఇల్లు వేడిచేసే ఆయిల్ ధర మండిపోయినప్పుడు వెచ్చగా ఉంటుందని ఇంటి ముక్కులు మూసేశారు. ఈ ఫ్యానేమో గాలి లాగుతుంది. పాపం ఇల్లేం చేస్తుంది? నేల సందుల్లోంచి పీలుస్తోంది."

అందుకే వంట వేళకే మూలుగు! సిక్స్‌టెన్ పడీపడీ నవ్వాడు. "ఊరు ఊరంతా అవ్వకి క్షమాపణ చెప్పాలి!"

ఫ్యాను కట్టేశారు. ఇల్లు సద్దుమణిగింది.

ఇక మిగిలింది నేల కింద, ఇంటికీ మట్టికీ మధ్య పాకుతూ తప్ప వెళ్లలేని చోటు. సామానుగదిలో ఉన్న చెక్క మూత ఎత్తి సోల్వెయ్ లోపలికి దిగింది. దూలాలు పుచ్చాయేమోనని చిన్న సుత్తితో కొడుతూ పోయింది.

టక్... టక్...

పైన సిక్స్‌టెన్ ఆ చప్పుడు వెంటే నడిచాడు. వంటింటి అవతలి మూలకి వచ్చేసరికి సరదా పుట్టి, మోకాళ్ల మీద కూర్చుని తనూ నేలమీద కొట్టాడు.

కిందనుంచి వెంటనే బదులు — టక్.

"బాగుంది ఆంటీ! దూలం గట్టిగానే ఉందా?"

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

గొంతు వెనకనుంచి వచ్చింది. సామానుగది గుమ్మంలో సోల్వెయ్ నిలబడి మట్టి దులుపుకుంటోంది. సుత్తి ఆమె చేతిలోనే ఉంది.

సరిగ్గా వాడి మోకాళ్ల కింద...

టక్.

"కొయ్య... చలికి బిగుసుకుంటోందేమో..." అని గొణిగింది ఫ్రెడ్రికా.

సోల్వెయ్ గొంతు తగ్గించి అంది: "విన్నాను. విన్నది రాయాలి. రాశాక ఇది దాగున్న లోపం కాదు. రేపు కింద ఏం తేలినా నీ నెత్తినే. వెనక్కి తగ్గాలంటే ఇప్పుడే తగ్గు."

"రాసుకోండి! నేను కారులో ఉంటా," అని ఫ్రెడ్రికా కోటు లాక్కుని వీధిగుమ్మం దాకా పోయింది. అయినా అక్కడే ఆగి తొంగిచూసిందట.

సిక్స్‌టెన్ లేచాడు.

"రాయండి. పెద్దక్షరాలతో రాయండి. దాక్కునే వాటితోనే నాకు గొడవ. నా ఇంట్లో ఉండదలుచుకుంటే ఎవరైనా సరే ముఖం చూపించాలి."

ఆమె నుదుటి లైటు అడిగి తను కట్టుకున్నాడు. సుత్తి తీసుకున్నాడు.

టక్. టక్. ఈసారి ఇంకా దగ్గరగా — ఆ తెరిచిన మూత అంచుకి కిందే.

"వస్తున్నా, ఆగు!" అని, సామానుగదిలోకి వెళ్లి, ఆ కంత అంచున కూర్చుని ఒక కాలు చీకట్లోకి దించాడు.