ధూమ్రకేశిని నిద్రపుచ్చిన చెంగల్వ

చాలాకాలం కిందట, అడవులు దట్టంగానూ దారులు సన్నగానూ ఉన్న రోజుల్లో, మణిగిరి రాజ్యానికి తీరని దుఃఖం వచ్చిపడింది. రాజుగారి ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ళ హేమరేఖను ధూమ్రకేశి అనే రాక్షసి ఎత్తుకుపోయి నల్లకొండ గుహలో పెట్టి, రాతితలుపు మూసేసింది.

ఆ రాక్షసికి ఒక శాపం ఉంది. ఎవరు కథ చెప్పినా అడ్డుపడి ఎగతాళి చేసేది కనుక, ఒక్క కథైనా మొదటినుంచి చివరిదాకా వింటే తప్ప ఆమెకు కంటిమీద కునుకు రాదు. ఆమె నిద్రపోతే తప్ప తలుపు తెరుచుకోదు. కథ మధ్యలో ఆపినవాళ్ళు శిలలైపోతారు. కథకులు తనను వెతుక్కుంటూ రావాలనే ఆమె పిల్లను ఎత్తుకుపోయింది. ఆస్థాన పండితుడు వాగ్భూషణుడితో సహా పదకొండుమంది వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

బుట్టలల్లే చెంగల్వకు వచ్చిన కథ ఒక్కటే. తల్లికి చూపు తెప్పించడానికి ఒక చిన్నపిల్ల ఏడు కొండలు దాటి, పాము కాపలా కాసే పువ్వును తెచ్చిన కథ. చనిపోయిన తన అవ్వ చిన్నప్పుడు చెప్పింది. ఆ పాత చింతకాయ పచ్చడితో రాక్షసిని మెప్పిస్తావా అని ఇరుగుపొరుగు నవ్వారు. చెంగల్వకూ భయంగానే ఉంది. కానీ రాణి తిండి మానేసి కోట గుమ్మంలోనే కూర్చుని ఉండటం ఆమె కళ్ళారా చూసింది. నాలుగు జొన్నరొట్టెలు మూటగట్టుకుని బయలుదేరింది.

అడవిలో నడుస్తూ కథ వల్లె వేసుకుంటుంటే, కొమ్మమీద గోరువంక ఒకటి "బాగాలేదు" అంది. ఏం బాగాలేదని అడిగింది చెంగల్వ. గోరువంక మళ్ళీ "బాగాలేదు" అంది. చెంగల్వ పామును తీసి పులిని పెట్టింది, పువ్వును తీసి పండును పెట్టింది. ఎన్ని మార్చినా గోరువంకది అదే మాట. ఆ ధ్యాసలో ఆమె దారి తప్పి, పొద్దువాలే వేళకు ముళ్ళపొదల్లో చిక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు విని, దగ్గర్లో తపస్సు చేసుకుంటున్న ఒక ముసలి ముని వచ్చి ముళ్ళు తీశాడు. కథంతా చెప్పించుకుని విన్నాడు.

"తల్లీ, మూడో కొండమీద ఆ పిల్ల దీపం ఆరిపోయిందన్నావు. మరుక్షణమే నాలుగో కొండ ఎక్కించేశావు. చీకట్లో దానికి భయం వెయ్యలేదా?"

చెంగల్వ ఆలోచించింది. అవ్వ ఎప్పుడూ అక్కడ కాసేపు ఆగేదని గుర్తొచ్చింది. గోరువంక కోసం మార్చినవన్నీ వదిలేసి, పామును పాము చోట, పువ్వును పువ్వు చోట పెట్టుకుంది. ముని చూపిన దారిన తెల్లవారేసరికి నల్లకొండ చేరింది.

గుహ ముందు పదకొండు శిలలు. వాటి నడుమ కొండంత ధూమ్రకేశి, నిద్రలేక ఎర్రబడిన కళ్ళతో కూర్చుని ఉంది. చెంగల్వ ఆమె ఎదుట చతికిలబడి కథ మొదలుపెట్టింది.

ఏడు కొండలనగానే రాక్షసి పకపకా నవ్వింది. ఎనిమిది ఎందుకు కాకూడదంది. కాపలా పాము లేని కథే లేదా అంది. గుడ్డితల్లిని ఎన్నిసార్లు వినాలంది. పండితులు ఇక్కడే వాదనకు దిగి కథ మరిచారు. చెంగల్వ పాదాలు రాయిలా చల్లబడ్డాయి. అయినా చెబుతూనే ఉంది. మూడో కొండ వచ్చింది.

"దీపం ఆరిపోయింది. ఆ పిల్లకి తన చెయ్యి తనకే కనిపించలేదు. అమ్మకి రోజూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. చీకట్లో అమ్మ తన జడ ఎలా అల్లేదో తలచుకుని, అలాగే చేత్తో తడుముకుంటూ ముందుకు నడిచింది."

రాక్షసి ఎగతాళి మానేసింది. కాసేపటికి దగ్గరకు జరిగింది. ఆరో కొండకు ఆమె తల చెంగల్వ ఒడి పక్కన, నేలమీద ఆనింది.

"ఇంతకీ వాళ్ళమ్మకి చూపొచ్చిందా?" అని, కథలో పిల్ల పువ్వుతో ఇల్లు చేరగానే, గొంతు తగ్గించి అడిగింది.

"వచ్చింది అవ్వా. మొట్టమొదట కూతురి మొహమే చూసింది."

"అయితే సరే," అని ధూమ్రకేశి కళ్ళు మూసుకుంది. చెంగల్వ తన పైట కొంగుతో ఆమె నుదుటి చెమట తుడిచింది.

రాతితలుపు తెరుచుకుంది. శిలలు మనుషులయ్యాయి. హేమరేఖ పరుగెత్తుకొచ్చి చెంగల్వ చెయ్యి పట్టుకుంది. దారిపొడుగునా వాగ్భూషణుడు ఆ కథలో తప్పులు లెక్కపెడుతూనే ఉన్నాడు. విన్నవాళ్ళు నిద్రపోయారంటే అది కథ లోపమేనన్నాడు. చెంగల్వ నవ్వి ఊరుకుంది.

కోటలో రాణి కూతుర్ని హత్తుకుని చాలాసేపు వదల్లేదు. రాజు చెంగల్వకు నదీతీరాన నాలుగు ఊళ్ళు ఇచ్చి ఏలుకోమన్నాడు. ఆ సాయంత్రం హేమరేఖ తల్లి ఒళ్ళో కూర్చుని, దారిలో చెంగల్వ అక్క చెప్పిన కథను తానే చెప్పడం మొదలుపెట్టింది. రెండో కొండ దగ్గరే ఎక్కడినుంచో ఒక ఏనుగు వచ్చేసింది. వాగ్భూషణుడు సరిదిద్దబోయాడు. ఈలోగా చెంగల్వ ముందుకు వంగి మెల్లగా అడిగింది.

"ఆ ఏనుగు పేరేమిటమ్మా?"

హేమరేఖ కళ్ళు పెద్దవి చేసుకుని, చాలాసేపు ఆలోచించింది.