నీటి అడుగు నేలకు మాట

మధ్యాహ్నం మూడు దాటింది. ప్రెస్సు వెనక గదిలో ప్రూఫులు దిద్దే అక్క, తన తమ్ముడు మాటలు రాసిపెట్టుకున్న కార్డులు సర్దుతోంది. లేని దేశం మీద నవల రాసి, దానికో భాష పుట్టించడం వాడి పిచ్చి. వాడు పోయి మూడు నెలలు. ఆమెకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. గుండె రాయైపోయిందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. రాయైతే బరువైనా తెలిసేది. ఆమెకు అదీ తెలియడం లేదు.

వాడిదో మొండి నియమం. కొండకైనా గుట్టకైనా కుర్చీలో కూర్చుని మాట కల్పించకూడదు. అలాంటి చోటికి వెళ్ళి నిలబడాలి, నోట్లోంచి మొదట ఏ శబ్దం వస్తే అదే మాట. ఏటవాలును 'ఉఫెల' అంటారు ఆ భాషలో. చిన్నప్పుడు ఇసుకదిబ్బ మీంచి జారి అక్క పెట్టిన కేక అది. ఎవరి నోట పుట్టిందో కూడా కార్డు మీద రాసేవాడు, పెద్ద పండితుడిలా.

చివరి కార్డు 'నీటి అడుగు నేల'. మాట ఖాళీ. దానికోసమే నీళ్ళు నిండిన క్వారీ గుంటలోకి దిగాడు. ప్రాణంతో పైకి రాలేదు.

ఫోన్ మోగింది. ఎడిటరు.

"సాయంత్రానికి పదకోశం పూర్తిగా రాకపోతే పుస్తకం ఆగిపోతుందమ్మా. ఇంకెవరూ వెయ్యరు."

"ఇచ్చేస్తానండీ."

వాడిదంటూ మిగిలింది ఆ పుస్తకమొక్కటే. అది ఆగకూడదు. ఒక్క మాటే కదా అనుకుని 'సోరెన' అని రాసేసింది. ఎవరి నోట పుట్టింది అన్నచోట 'తమ్ముడు' అని వేసింది.

ఫ్యాన్ ఆగింది. తడిరాతి వాసన... బీరువా వెనక ఎవరో గటగటా నీళ్ళు మింగుతున్న చప్పుడు... ఆగింది... మళ్ళీ...

"అక్కా..."

"ఏంట్రా?" అంది అలవాటుగా. భయం వెయ్యాలి. వెయ్యలేదు.

"నేను అనలేదు... ఆ మాట..."

"మరేమన్నావు?"

"నోరు తెరిచాను... నీళ్ళొచ్చేశాయి..."

ఫ్యాన్ మళ్ళీ తిరిగింది. ఆమె రాసిన మాట కార్డు మీద లేదు. దాని కింద ఇందాక లేని కార్డొకటి ఉంది. వాడి చేతిరాతే.

'నీటి అడుగున ఇద్దరు నిలబడేంత చోటు. మాట:' ఖాళీ. 'ఎవరి నోట పుట్టింది: అక్క.'

ఫోన్ మళ్ళీ మోగింది. "అయిందామ్మా?" అన్నాడు ఎడిటరు.

ఒక్కటి మిగిలిందని చెప్పబోయి ఆమె నోరు తెరిచింది. మాటకు బదులు నోట్లోంచి నీళ్ళొచ్చి కార్డు మీద పడ్డాయి. ఆ నీళ్ళలో సన్నటి రాతిపొడి ఉంది.