పని పూర్తి కాని లైబ్రరీ

ఇంజనీరు చేతికర్రతో పైకప్పును రెండుసార్లు తట్టాడు. మూడోసారి తట్టబోతుండగా అరచేయంత సిమెంటు పెచ్చు ఊడి, లైబ్రేరియన్ టేబుల్ మీద, ఆమె రాసుకుంటున్న రిజిస్టరు పక్కనే పడింది.

ఆమె తలెత్తి పెచ్చును చూసింది. తరువాత కర్రను, ఆ తరువాత అతన్ని చూసింది.

"మీరు వచ్చేదాకా అది బాగానే ఉందండీ," అంది.

"ఊడటానికి సిద్ధంగానే ఉంది మేడమ్. నేను అడిగానంతే."

ఆ పాత లైబ్రరీని బాగుచేయించమని ఆమె మూడేళ్లుగా ప్రభుత్వానికి అర్జీల మీద అర్జీలు పెడుతోంది. ఎట్టకేలకు ఈ ఏడాది గ్రంథాలయాల మరమ్మతులకు నిధులు విడుదలయ్యాయి. ఇంజనీరు వచ్చి చూసి రిపోర్టు రాస్తే చాలు. అందుకే ఆమె పొద్దున్నే ఉన్నవాటిలో మంచి కుర్చీ తుడిపించి ఫ్యాను కింద వేయించింది. అతను కూర్చోలేదు. పది నిమిషాలు పైకప్పు కేసి చూస్తూ తిరిగి, నిలబడే రిపోర్టు రాసి ఆమె చేతికిచ్చాడు.

నిధులు ఇవ్వవచ్చు. భవనం ప్రమాదకరం. ఈ రోజే మూసేయాలి.

"మూసేయడమేంటండీ? నేను అడిగింది రిపేరు."

"తెరిచి ఉంచి రిపేరు చేస్తే, తరవాత మనుషుల్ని రిపేరు చేయాల్సొస్తుంది."

"రోజుకి ఎనభై మంది వస్తారిక్కడికి. సగం మంది పరీక్షలకి చదువుకునేవాళ్లు. వాళ్లంతా ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికైనా పోవచ్చు. ఈ స్లాబు కిందకి తప్ప."

సాయంత్రానికి తలుపుకు తాళం పడింది. ఆమె కోపమంతా ఆ తాళం మీద చూపించింది. చివరికి దాన్ని వేయడానికి కూడా ఇంజనీరే సాయం పట్టాల్సి వచ్చింది.

అసలు చిక్కు తరువాత తెలిసింది. పని జరిగినన్నాళ్లూ పాఠకులకు వేరే చోట చదువుకునే వీలుండాలని పథకంలో షరతు ఉంది. రెండు వారాల్లో చోటు చూపించకపోతే నిధులు జాబితాలోని తరువాతి లైబ్రరీకి వెళ్లిపోతాయి. ఆ చోటుకు అద్దె మాత్రం ఎవరూ ఇవ్వరు. లైబ్రేరియన్ చెప్పులరిగేలా తిరిగింది. ఖాళీగా ఉన్న గోడౌను యజమాని ఒకాయన చదువు గొప్పతనం గురించి అరగంట మాట్లాడాడు. ఉచితంగా అనేసరికి ఆయనకు ఫోనొచ్చింది.

పన్నెండో రోజు ఆమె నేరుగా ఇంజనీరు ఆఫీసుకు వెళ్లింది.

"మూయించింది మీరు. చోటు కూడా మీరే చూపించండి."

"అది నా డ్యూటీ కాదండీ."

"డ్యూటీ కాదు లెండి. పాపం మాత్రం మీదే."

అతను ఆ మాటను ఇంటికి తీసుకుపోయాడు. ఇంట్లో ఉండేది తండ్రీ కొడుకులిద్దరే. తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు. అద్దెకిద్దామని మేడ మీద పెద్ద హాలు కట్టించాడు గానీ, వచ్చిన ప్రతివాడిలోనూ ఆయనకు ఏదో ఒక గోల కనిపించింది. ఏడాదిగా హాలు ఖాళీ.

"నాన్నా, మేడ మీదకి ఒకరొస్తామంటున్నారు. అద్దె ఇవ్వలేరు."

"ఎవరు?"

"లైబ్రరీ. రోజుకి ఎనభై మంది వస్తారు."

"ఎనభై మందా? గోల చేయరూ?"

"అక్కడ మాట్లాడటమే తప్పు నాన్నా."

ముప్పై నాలుగేళ్లు వీపు వెనక జనం అరుపులు విన్న మనిషి. "రేపే రమ్మను," అన్నాడు.

మర్నాడు పుస్తకాలొచ్చాయి. బీరువాలు హాలు మధ్యలో పెట్టొద్దని, బరువంతా గోడల పక్కనే పడాలని ఇంజనీరు దగ్గరుండి సర్దించాడు.

"మీ ఇంటికి కూడా రిపోర్టు రాశారా?" అని అడిగింది లైబ్రేరియన్.

"రాశాను. మా నాన్న సంతకం పెట్టాడు."

ఆమె నవ్వలేదు. కానీ చేతిలో ఉన్న నిఘంటువును బీరువాలో తలకిందులుగా పెట్టింది.

అక్కడ స్లాబు పగలగొట్టారు, కొత్త ఇనుము కట్టారు, కాంక్రీటు పోశారు. ఇక్కడ తండ్రి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, గుసగుసలాడేవాళ్లను కళ్లతోనే కూర్చోబెట్టేవాడు. కొడుకుకూ మినహాయింపు లేదు. దాంతో పని ఎంతవరకొచ్చిందో లైబ్రేరియన్‌కు చెప్పాలంటే ఇద్దరూ మెట్ల మీదకు రావాల్సి వచ్చేది. పని గురించి చెప్పాల్సింది రోజూ ఉండేది. లేని రోజు కూడా ఉండేది.

ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. ఆమె గొడుగు తేలేదు. మెట్ల మలుపులో, చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు.

"కొత్త స్లాబు తడిసిపోతోందేమో," అంది.

"మంచిదే. మేం నీళ్లు కొట్టే పని తప్పింది."

"వాన పడుతున్నా మీరు స్లాబు గురించే ఆలోచిస్తారా?"

"లేదండీ," అన్నాడతను. చాలా నిజాయితీగా అన్నాడు. ఆమె చెవి పక్కన తడిసిన జుట్టు తప్ప ఆ సమయంలో అతనికి ఏ కట్టడమూ గుర్తు లేదు.

ఆమె వాన కేసి తిరిగింది. వాన తగ్గాక కూడా కాసేపు అటే చూసింది.

అయిదు నెలల్లో పనైపోయింది. ఇక ఇంజనీరు పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. అతను వెళ్లి చూసి, కిటికీ గొళ్లెం బిగుతుగా ఉందని రాశాడు. సరిచేశారు. మెట్టు అంచు కాస్త వంకర అన్నాడు. దాన్నీ సరిచేశారు. తలుపు కిర్రుమంటోందని రాసినప్పుడు మేస్త్రీ తాపీ కింద పెట్టాడు.

"సార్, మీరు వెతుకుతున్న లోపం ఈ బిల్డింగులో ఉన్నట్టు లేదు."

ఇంతలో పై ఆఫీసు నుంచి లైబ్రేరియన్‌కు ఉత్తరం వచ్చింది. అయిదు రోజుల్లో సర్టిఫికెట్ అందకపోతే ఆఖరి విడత నిధులు వెనక్కి పోతాయి. కొత్త బల్లలు, కొత్త పుస్తకాలు అన్నీ ఆ విడతలోనివే. ఆమె అతను రాసిన కాగితాలన్నీ పట్టుకుని కొత్త లైబ్రరీకి వెళ్లింది. అతను అయిదో కాగితం రాస్తున్నాడు.

"తలుపు తీసి చూశాను. కిర్రుమనలేదు."

"నిన్న అందండీ."

"మూడో కిటికీ అద్దం మీద మరక అని రాశారు. నా పైట చెంగుతో తుడిచాను, పోయింది. దీనికోసం ఎనభై మంది ఆగాలా?"

అతను కలం మూత పెట్టాడు.

"ఆ రోజు మీరు మూసేసినప్పుడు నాకు చాలా కోపమొచ్చింది," అందామె. గొంతు పెంచలేదు. "కానీ ఈ మనిషి ఉన్నదే రాస్తాడు అనుకున్నాను. ఆ ఒక్క నమ్మకంతోనే మీ వెనక మేడెక్కాను. ఇప్పుడు ఇవేంటి?"

ఈసారి ఊడిన పెచ్చు ఎక్కడిదో అతనికి తెలిసింది.

"పని మూడు వారాల కిందటే పూర్తయిపోయింది."

"మరి?"

"సంతకం పెడితే మీరు మా మేడ దిగి వెళ్లిపోతారు."

ఆమె కాగితాలను మడిచి, మళ్లీ విప్పింది. చదవడానికి అందులో కొత్తగా ఏమీ లేదు.

"ఈ మాట రిపోర్టులో రాయలేదేం?"

"దానికి కాలమ్ లేదండీ."

"ముందు సంతకం పెట్టండి. దొంగ రిపోర్టులు రాసేవాళ్లకి నేను జవాబివ్వను."

అతను సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఆమె తేదీ సరిచూసుకుని కాగితాన్ని సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆదివారం మా అక్క మీ ఇంటికొస్తుంది. నాకున్న పెద్దదిక్కు తనే. మీ నాన్నగారితో మాట్లాడుతుంది."

"ఈ ఆదివారమా?"

"నిధులొచ్చాక వచ్చే ఆదివారం."

నిధులు మూడో వారానికి వచ్చాయి. ఆ ఆదివారం అక్కాచెల్లెళ్లు వచ్చారు. అక్క ఆసుపత్రిలో నర్సు. మనిషిని చూడగానే నాడి పట్టుకునేలా కనిపిస్తుంది.

"మీ అబ్బాయి గురించి ఉన్నదున్నట్టు చెప్పండి," అందామె తండ్రితో.

ఆయన టీ గ్లాసులు అందించి కూర్చున్నాడు. "మావాడు పుట్టి బుద్ధెరిగాక అబద్ధం రాయలేదమ్మా. ఈ అమ్మాయి కోసం మూడు వారాలు వరసగా రాశాడు. తప్పే. నేను తిట్టాను కూడా. కానీ వ్యవహారం ఎంత ముదిరిందో మీరే చూసుకోండి."

అక్క ఇంజనీరును ఎగాదిగా చూసింది. అతను గోడకు ఆనుకుని గోడలాగే నిలబడ్డాడు.

"నువ్వేమంటావే?" అంది చెల్లెలితో.

లైబ్రేరియన్ టీ ఒక గుక్క తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని ఆలోచించింది. ఇన్ని నెలలూ ఆమె ఆ పెద్దాయన్ని సార్ అనే పిలిచింది.

"చక్కెర కాస్త తక్కువైంది మావయ్యా," అంది.

ఆయన డబ్బా కోసం లేచాడు. అక్క నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఇంజనీరు మాత్రం తండ్రి వంటింట్లోంచి తిరిగొచ్చేదాకా చక్కెర గురించే ఆలోచించి, అప్పుడు నెమ్మదిగా, పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.