ఒకే నంబరుకు రెండు డిస్కులు

పొదటూరుపేటలో తిరుత్తణి బస్సు వచ్చే వేళకు రాజామణి ఇంట్లో నిలబడే ఇడ్లీ తింటోంది. తిరుత్తణిలోని ఒక చీరల డిజైన్ల ఆఫీసులో ఆమెది కంప్యూటరు పని. 1989లో ఆ వీధిలో కంప్యూటరును కళ్లతో చూసినవాళ్లే లేరు. అలాంటిది కూతురు దానితో పనిచేస్తుంటే నేతగాడు పచ్చయ్యప్ప మీసం కాస్త పైకే ఉండేది.

"ఏందమ్మా, మాట్లాడకుండా తింటా ఉండావు?" అన్నాడు ఆయన, మసకబారిన కళ్లు ఆమె వైపు తిప్పి.

"మా ఆఫీసు ముదలాళి డిజైన్లు దాచే డిస్కు ఇంకోటి తెచ్చినాడు నాయినా. కంప్యూటరు డిస్కులను పిలిచేదానికి ఉండేది ఎనిమిది నంబర్లే. ఒకటి దానికే పోతుంది. తక్కిన ఏడూ ఏడు డిస్కులకు ఇచ్చేసినాము. దీనికి యాడ నుంచి తెచ్చేది? తిరువళ్లూరు మెకానిక్కు వచ్చేదాకా ఆగమంటే ముదలాళి వినడు."

పచ్చయ్యప్ప నవ్వాడు. "నూలిచ్చే నేత సంఘంలో మన ఇంటికి ఒకే మగ్గం నంబరు. దాని మీదనే ఇరవై ఏండ్లు రెండు మగ్గాలు నేసినాము. రెండింటికీ నూలు రాలేదా? ఉండే నంబరే దానికీ ఇచ్చేయి. సర్దుకుంటాయి."

నేతవాళ్లకు మాత్రమే తట్టే ఉపాయం అది. ఆ ఇంట్లో పుట్టింది కాబట్టి రాజామణికీ న్యాయంగానే తోచింది. కొత్త డిస్కుకు ఏడోదాని నంబరే పెట్టి రెండింటినీ తగిలించింది. కంప్యూటరు ఆ నంబరును పిలిచినప్పుడల్లా రెండూ ఒక్కసారే పలికాయి. డిస్కులోని రాతంతా కలగాపులగమైంది. మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి, ఏడో డిస్కులో ఏమీ మిగల్లేదని చెప్పాడు.

అందులో ఉన్నవి పచ్చయ్యప్ప నలభై ఏళ్లుగా గళ్ల కాగితం మీద గీసిన రెండు వందల చీర అంచులు. రెండేళ్లు కూర్చుని కూతురే ఎక్కించింది. అసలు కాగితాలు కిందటి వానాకాలం తడిసి ముద్దయ్యాయి. డిస్కులో ఉన్నాయి కదా అని ఆయన అప్పుడు బాధపడలేదు.

సాయంత్రం అన్న పెరుమాళ్ ఆమెను నిలదీశాడు. "నాయినకు కళ్లు పోతా ఉండాయి. ఇంక గీయలేడు. ఆయన బతుకంతా తుడిచిపెట్టేసినావే. అట్ల చేయమని ఎవురు చెప్పినారు నీకు?"

రాజామణి తండ్రి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. "ఎవురూ చెప్పలేదన్నా. నాకే తోచింది."

"ఇంత చదివి బుద్ధి యాడ పెట్టినావు?"

"దాన్ని అనొద్దురా," అన్నాడు పచ్చయ్యప్ప. "చెప్పింది నేను. తెలియని పనిలో తెలిసినట్టు నోరు పెట్టినాను. నన్ను కాపాడాలని అది తిట్లు తింటా ఉంది."

రాజామణి తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన తడుముకుంటూ ఆమె తల నిమిరాడు. ఆ ఇంట్లో ఇక ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఉన్నదంతా దుఃఖమే.

మర్నాడు ఆదివారం. "గళ్ల కాగితం తేమ్మా. కంటికి కనపడకపోయినా మనసులో ఉండాయి. నేను చెప్తాను, నువ్వు గీయి," అన్నాడు పచ్చయ్యప్ప. పెరుమాళ్ పెన్సిల్ చెక్కి చెల్లెలి చేతికిచ్చాడు.

ఆయన గళ్లు లెక్కపెట్టి హంసల అంచు చెప్పాడు. తరువాత రుద్రాక్ష అంచు. కాసేపు నుదురు రుద్దుకుని మూడోది మొదలుపెట్టాడు. అది మళ్లీ హంసల అంచే. నాలుగోదీ అదే. రెండు వందల అంచుల్లో తండ్రికి గుర్తున్నవి రెండేనని రాజామణికి అప్పుడు తెలిసింది.

"ఎన్ని అయినాయమ్మా?"

"నాలుగు అయినాయి నాయినా." ఆమె కళ్లు తుడుచుకుని కొత్త కాగితం తీసుకుంది. "ఇంకోటి చెప్పు."

ఆయన సంతోషంగా మళ్లీ హంసలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కో గడీ నింపుతూ పోయింది.