మునిగిన లారీ కార్బరేటర్

లక్సెట్టిపేట నుంచి ఆదిలాబాద్ దాకా దశరథం అంతటి మేస్త్రి లేడు. కండ్లకు గుడ్డ కట్టి ఏ కార్బరేటర్ చేతుల పెట్టినా, అది ఏ లారీదో, ఏ ఏటిదో చెప్పేస్తడు. ఈ మాట చెప్పింది దశరథమే. పోయిన ఎండకాలం కండ్లు తెరుచుకునే ఒకటి తప్పు బిగిస్తే, ఆ లారీ చెన్నూరు దాకా ఎక్కిళ్లు పెట్టుకుంట పోయింది. ఆ ముచ్చట మాత్రం ఆయన ఎత్తడు.

ఆ వానకాలం, పొద్దుగూకే యాళ్లకు ఆయన తల్లి కిష్టవ్వకు గత్తర తగిలింది. ఊరవతలి షెడ్డు పక్కనే ఇల్లు. వాంతులు, బేదులకు కండ్లు గుంటలు పడ్డయి. చెయ్యి పట్టుకుంటే తడిబట్ట తీరు చల్లగున్నది. వాగు దాటి మంచిర్యాల దవాఖానకు చేరకపోతే తెల్లారేదాకా దక్కదు.

షెడ్డుల ఉన్నది ఒకే లారీ. పత్తి సావుకారిది, పాత మిలిటరీ బండి. దాని కార్బరేటర్ పగిలి పెట్రోల్ కారుతున్నది.

బల్ల మీద పాతవి రెండున్నయి. ఒకటి పెట్టి చూసిండు, బోల్టు తూట్లు కలవలేదు. రెండోది కూసున్నది గని దాని గొంతు మరీ వెడల్పు. ఆ ఇంజనుకు అంత పెట్రోల్ పోస్తే నల్లపొగ కక్కి వాగు నడుమ ఆగిపోతది.

సరిపోయేది ఎక్కడున్నదో దశరథానికి తెలుసు. షెడ్డు వెనుక... నిరుడు అదే వాగుల కొట్టుకపోయిన అన్న లింగమూర్తి లారీకి. అదే మిలిటరీ బండి, అదే ఏటిది. ఊరోళ్లు మోకులేసి బండిని గుంజిండ్రు గని, మనిషి దొరకలేదు. దాని మీద కిష్టవ్వ ఎవ్వలనీ చెయ్యి వెయ్యనియ్యదు. "రేపొచ్చి నా బండి గిట్లెందుకున్నదంటే వానికేం చెప్పాలెరా?" అంటది.

"మాఫ్ చెయ్యన్నా" అనుకుంట పానా పెట్టిండు. తుప్పు పట్టిన బోల్టులు, ఎవరో ముందే వదులు చేసిపెట్టినట్టు, చేతికే ఊడివచ్చినయి.

కందిలి దీపం ముందర కూసొని జెట్టు విప్పిండు. పెట్రోల్ పోయే సన్నతూటు ఉన్న ఇత్తడి ముక్క అది. మట్టి పట్టిందా అని నోట పెట్టి ఊదుడు మేస్త్రీలందరికీ అలవాటే. ఊదిండు. గాలి పోయింది.

మళ్ల ఊదబోయిండు...

అవతల నుంచి ఎవరో ఊదిండ్రు.

మెల్లగ. చల్లగ. నోటినిండ వాగు బురద వాసన... ఆ వెనుక, అన్న తాగే బీడీ వాసన.

దశరథం ఉమ్మలేదు. జెట్టును పిడికిట్ల పట్టుకొని ఏడ్చిండు.

బిగించుడు అయింది. అవ్వను ఎత్తుకొచ్చి లారీల కూసోబెట్టిండు. ముందటికి పోయి హ్యాండిల్ తిప్పితే సగం చుట్టుకే ఇంజను అందుకున్నది. ఉరికొచ్చి అవ్వ పక్కకెక్కిండు. లారీ కదిలింది.

వాగు దగ్గర ఆగింది. దీపాల వెలుగుల ఎర్రనీళ్లు రోడ్డును కోసుకుంట పోతున్నయి. ఇంజను నిమ్మళంగ కొట్టుకుంటున్నది... నీళ్లు తగ్గేదాకా... ఓపికగ. నిరుడు లింగమూర్తి పట్టని ఓపిక.

"జర పైలం కొడుకా..." కిష్టవ్వ గొణిగింది.

"నేనున్న గదవ్వా."

"నిన్ను గాదు బిడ్డా."

దశరథం అటు తల తిప్పలేదు. లారీ మెల్లగ నీళ్లల్లకు దిగింది.

కిష్టవ్వ బతికింది. దవాఖాన మంచం మీద కండ్లు తెరిచి మొదలు అన్నమాట ఒక్కటే: "మీ అన్నకు దినాలు చేద్దాం. ఇగ రాడు." ఎందుకట్ల అంటున్నవని అడిగితే కొంగు నోట్ల కుక్కుకున్నది. ఏడాది పొడుగూత కంట నీళ్లు పెట్టని మనిషి, ఆనాడు వెక్కివెక్కి ఏడ్చింది.

అంత వానల వాగు దాటించి తల్లిని దక్కించుకున్నడని ఊరంత దశరథాన్ని మెచ్చుకున్నది. "మేస్త్రి అంటే మజాకా?" అని ఆయన మీసం తిప్పిండు. చాన్నాళ్లకు పెండ్లాం సక్కుబాయి ఒక్కదాని చెవుల, సిగ్గుతోని నిజం చెప్పిండు.

"ఎవ్వలకు చెప్పకు... లారీలు బాగు చేసుడే గని, తోలుడు నాకు రాదు. ఆ పొద్దు సుత రాదు."