సగం గీసిన ముఖం

"సాల్మన్ ముఖం దుబాయ్ చేరితే, ఆ మర్నాటికి సాల్మన్ ఉండడు," అన్నాడు చీఫ్.

1996. పెనుకొండ బస్టాండు ఎదురు హోటల్లో ఉగ్గాని ప్లేట్లు ముందు పెట్టుకుని జరిగిన బ్రీఫింగ్ అది. ఏజెంట్ ఈశ్వరి, కోడ్ నేమ్ ‘నాడె’ (మగ్గంలో అటూ ఇటూ దారం నడిపేది), తినడం ఆపేసింది. సాల్మన్ ఆమెతో ట్రైనింగ్ చేసినవాడు. రెండేళ్ళుగా దుబాయ్‌లో విదేశీ ముఠా లోపలే ఉంటూ మనకు సమాచారం పంపుతున్నాడు.

"తమలో గూఢచారి ఉన్నాడని వాళ్ళకు తెలిసింది. పేరు తెలియదు, ఫొటో ఒక్కటే ఇక్కడున్న వాళ్ళ మనిషి రామచంద్రకు దొరికింది. దాన్ని గేమ్ కాసెట్‌లో బొమ్మగా పెట్టి పంపుతాడట."

"కాసెట్ పట్టుకుందామా సార్?"

"పట్టుకుంటే ఇంకో దారిలో పంపుతాడు. కాసెట్ వెళ్ళాలి, సాల్మన్ ముఖం వెళ్ళకూడదు. వాడి అసిస్టెంట్ ఉషశ్రీ మన మనిషే."

హిందూపురంలో రామచంద్ర వైభవం చూడాలి. నడినెత్తిన పాపిడి, గుబురు మీసం, పెన్నులో కెమెరా, బూటు మడమలో వైర్‌లెస్. దుబాయ్‌తో మాటలన్నీ ఫోన్లోనే నడుపుతాడు, తన ముఖం అక్కడ ఎవరూ చూడలేదని మహా గొప్ప. ఇంత హంగామా ఉన్న పెద్దమనిషికి ఒక బొమ్మను నంబర్లుగా మార్చడం చేతకాలేదు. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే చెన్నప్పకు ఆ పని అప్పగించాడు. గూఢచారినని చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

ఈశ్వరి చీరల షాపు యజమానురాలి వేషంలో చెన్నప్ప ఇంటికి వెళ్ళింది. బల్ల మీద సాల్మన్ ఫొటో, పక్కన గ్రాఫ్ కాగితం. ఫొటోలో ఎడమ బుగ్గ మీద కత్తిగాటు. గ్రాఫ్ మీద కుడివైపు ముఖం మాత్రమే ఉంది.

"ఇదేం డిజైను చెన్నప్పన్నా?"

"ఏదో టీవీ ఆటకంటమ్మా. నింపిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్న. ఎనిమిది గళ్ళకు ఒక నంబరు. మన మగ్గం మీది జకార్డు చిల్లుల అట్టల లెక్కే."

"సగమే గీసినావే?"

"మనకు అలవాటే కదమ్మా. మిగతా సగం మగ్గమే తిప్పి నేస్తాది. ఆ మిషనూ తిప్పుకుంటాదిలే."

నేతగాళ్ళ ఇంట పుట్టిన ఈశ్వరికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. కుడి సగాన్ని తిప్పి అతికిస్తే గాటు మాయం. పెన్సిల్ అందుకుంది.

"నడినెత్తిన ఒక వరస ఖాళీగా వదులు. మీసం కాడ నాలుగు గళ్ళు నల్లగా నింపు."

"ఫొటోలో లేదే?"

"అందం కోసం."

అందం అన్నాక చెన్నప్ప గళ్ళు నింపేశాడు. సాయంత్రం ఉషశ్రీ నల్లకళ్ళద్దాలతో కారులో వచ్చి నంబర్లు పట్టుకుపోయింది.

మర్నాడు హిందూపురంలో ఉషశ్రీ ఆ సగాన్నే తిప్పి అతికించింది, చిప్ తయారైంది. టీవీ మీద ముఖం వెలిగింది. కొరియర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రామచంద్ర కళ్ళు చికిలించాడు.

"గాటు యాడుండాది?"

"పదహారు గళ్ళలో గాటు యాడ పడుతుంది సార్," అంది ఉషశ్రీ.

"ఈ ముఖం నేను యాడనో చూసినా."

ఉషశ్రీ కాసెట్ డబ్బా మూత తీసింది. "మూడు దినాలుగా ఆ ఫొటోనే చూస్తాండారు కద సార్."

"అదీ నిజమే," అని రామచంద్ర జేబుదువ్వెన తీసి, టీవీ గాజులో చూసుకుంటూ పాపిడి సరిచేసుకున్నాడు. కాసెట్ సీలైంది.

అక్కడితో ఆగినా బతికిపోయేవాడు. మెప్పు తనే అందుకోవాలని నాలుగోరోజు దుబాయ్ విమానం ఎక్కాడు. ముఠావాళ్ళు అప్పటికే కాసెట్ చూసి, ఆ ముఖం తమలో ఎవరిదీ కాదని, వచ్చేపోయేవాళ్ళలో వెతికి పట్టుకురమ్మని ఎయిర్‌పోర్టుకు నమ్మకమైన మనిషిని పంపారు. ఆ మనిషి సాల్మన్. రామచంద్ర అతన్ని గుర్తుపట్టాడు. కానీ సాల్మన్ అప్పటికే అతని నోట్లో గుడ్డ కుక్కేశాడు.

వారం తర్వాత ధర్మవరంలో చెన్నప్ప అడిగాడు: "ఆ డిజైను ఎట్లొచ్చిందమ్మా?"

"సరిగ్గా వచ్చిందన్నా," అంది ఈశ్వరి. "చూసినవాళ్ళు ఇట్టే పోల్చుకున్నారు. గీయించినాయనకే ఆనవాలు దొరకలేదు."